సామాజిక కళాశాల - ప్రజాధనం

కృష్ణానది దక్షిణ తీరంలో, వెలగపూడికి చేరువలో మల్కాపురం అనే చిన్న గ్రామం ఉంది. అక్కడ క్రీ.శ. 1261 నాటి శిలాశాసనం ఒకటి లభించింది. కాకతి రుద్రమదేవి కాలానికి చెందిన ఆ శాసనం విశ్వేశ్వర శంభువు అనే శైవాచార్యునికి దానంగా లభించిన గ్రామాల ఆదాయాన్ని ఏయే కార్యాలకు వినియోగించాలో వివరిస్తుంది. ఆలయం, మఠం, అన్నసత్రం, ప్రసూతిశాల, ఆరోగ్యశాల - వీటితో పాటు వేదాలనూ శాస్త్రాలనూ సాహిత్యాన్నీ బోధించే అధ్యాపకుల పోషణ కూడా ఆ లెక్కలో చేరి ఉంది. విద్యను కీర్తించి ఊరుకోక, దానికయ్యే ఖర్చు ఎక్కడి నుంచి రావాలో నిర్దేశించిన శాసనమది. అందుకే ప్రాచీన సాహిత్యాన్ని బోధించే నాకు దానిమీద ఒక ప్రత్యేకమైన గౌరవం.

అయితే అది ఏలినవారు ఇచ్చిన దానం. ఇచ్చేది ఒకరు, పుచ్చుకొనేది మరొకరు. ఇచ్చిన వారికి పుణ్యం, పుచ్చుకొన్న వారికి విద్య. ప్రజాస్వామ్యంలో పరిస్థితి వేరు. ఇక్కడ దాత అంటూ ప్రత్యేకంగా ఎవరూ ఉండరు. పన్ను కట్టే ప్రతి గృహస్థూ కొంత దాతయే. ఆ గృహస్థుకు 'నా సొమ్ముతో నడిచే కళాశాల వల్ల ఊరికి ఏమి ఒరుగుతున్నది?' అని అడిగే హక్కు కూడా ఉంటుంది. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పుకోవలసిన అవసరం ప్రభుత్వ విద్యాసంస్థలన్నిటికీ ఉన్నది. ఈ ప్రశ్నను బహిరంగంగా, పలుమార్లు, ఓటు పెట్టెల సాక్షిగా ఎదుర్కొన్న ఒక కళాశాల కథ అమెరికాలో ఉంది. ఈ పాఠంలో మనం తెలుసుకోబోయేది ఆ కథే. దానికి ముందు అటువంటి కళాశాలలు ఎలా పుట్టాయో కొంత తెలుసుకోవాలి.

విద్యార్థులారా! మీరు చదువుకొంటున్న విద్యాసంస్థను 'జూనియర్ కళాశాల' అంటారు. అంటే పదవ తరగతి పూర్తయిన తరువాత రెండేళ్ళ ఇంటర్మీడియట్ చదువు చెప్పే చోటు. అమెరికాలో ఇదే పేరు మరొక అర్థంలో పుట్టింది. అక్కడ పన్నెండేళ్ళ చదువు పాఠశాలలోనే ముగుస్తుంది. ఆ తరువాతి నాలుగేళ్ళ పట్టభద్ర విద్యలో మొదటి రెండేళ్ళ భాగాన్ని బోధించే కళాశాలకు వారు జూనియర్ కళాశాల అని పేరు పెట్టారు. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్ పట్టణంలో అటువంటి కళాశాల ప్రారంభమైంది. చికాగో విశ్వవిద్యాలయ అధ్యక్షుడు విలియం రైనీ హార్పర్, జోలియెట్ ఉన్నత పాఠశాలల అధికారి జె. స్టాన్లీ బ్రౌన్ దానికి మూలపురుషులు. తొలి ఏడు చేరిన విద్యార్థులు ఆరుగురే. ఆ ఆరుగురితో మొదలైన కళాశాల నేటికీ నడుస్తున్నది. ఆ దేశంలో ప్రభుత్వ రంగంలో నడిచిన తొలి జూనియర్ కళాశాల అదేనని పేరు.

ఇల్లు విడిచి, దూరప్రాంతంలోని విశ్వవిద్యాలయానికి వెళ్ళి, వసతిగృహంలో ఉండి చదువుకొనే స్తోమత అందరికీ ఉండదు. ఆ స్తోమత లేనివారికి తమ ఊళ్ళోనే, తల్లిదండ్రుల ఇంట్లో ఉంటూనే రెండేళ్ళు చదువుకొని, తరువాత విశ్వవిద్యాలయంలో మూడవ సంవత్సరంలో చేరే వెసులుబాటు కల్పించడమే ఈ కళాశాలల తొలి ఉద్దేశం. కాలిఫోర్నియా రాష్ట్రం 1907లోనే ఉన్నత పాఠశాలలు ఇటువంటి తరగతులు నడపడానికి చట్టం చేసింది. 1910లో ఫ్రెస్నో నగరంలో ఆ రాష్ట్రపు తొలి జూనియర్ కళాశాల వెలిసింది. కాలక్రమంలో వృత్తివిద్యలు, వయోజన విద్య కూడా వీటిలో చేరాయి. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత, 1947లో, అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన ఉన్నతవిద్యా సంఘం తన నివేదికలో వీటిని 'కమ్యూనిటీ కాలేజీ' అని వ్యవహరించడంతో ఆ పేరు దేశమంతటా వ్యాపించింది. మనం దీనిని 'సామాజిక కళాశాల' అనవచ్చు. ఆ ఊరి సమాజానికి చెందినది, ఆ సమాజపు అవసరాలు తీర్చేది అని భావం. మన దేశంలో పుదుచ్చేరి విశ్వవిద్యాలయం 1995లో ఇదే పేరుతో ఒక కళాశాలను నెలకొల్పింది.

1960లో కాలిఫోర్నియా ప్రభుత్వం తన ఉన్నతవిద్యకు ఒక బృహత్ప్రణాళికను రూపొందించుకొంది. దానిలో మూడు అంతస్తులున్నాయి. పాఠశాల చదువులో అగ్రస్థానాన ఉన్న ఎనిమిదవ వంతు విద్యార్థులకు పరిశోధన ప్రధానమైన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోనూ, పైనుంచి మూడవ వంతు వరకు ఉన్నవారికి రాష్ట్ర కళాశాలలలోనూ ప్రవేశం. మిగిలిన వారందరికీ, అంటే చదువువల్ల ప్రయోజనం పొందగల వయోజనులెవరికైనా, సామాజిక కళాశాల తలుపు తెరిచి ఉంటుంది. అక్కడ చక్కగా చదివినవారు తిరిగి పై రెండు అంతస్తులకూ ఎక్కే మెట్లు ఉంటాయి. పదిహేడేళ్ళ ప్రాయంలో ఒక పరీక్షలో వెనుకబడినంత మాత్రాన జీవితమంతా వెనుకబడనక్కరలేదన్న దయ ఈ ఏర్పాటులో కనిపిస్తుంది. ప్రవేశపరీక్షల ర్యాంకుల నడుమ నలిగే మన విద్యార్థులు ఈ మాటను కొంచెం ఆగి ఆలోచించవలసి ఉంది.

ఆనాడు ఈ కళాశాలలలో బోధన రుసుము లేదు. ఖర్చులో పెద్ద భాగాన్ని స్థానికుల ఆస్తిపన్ను భరించేది. మిగిలినది రాష్ట్రప్రభుత్వం ఇచ్చేది. తమ ఊరి కళాశాల కోసం తామే పన్ను ఎంత కట్టుకోవాలో నిర్ణయించుకొనే అధికారం కళాశాల మండలికి, దాని ఓటర్లకు ఉండేది.

1978 జూన్‌లో కాలిఫోర్నియా ఓటర్లు పదమూడవ ప్రతిపాదన అనే శాసనాన్ని ఆమోదించారు. ఇళ్ళ ధరలు పెరిగి ఆస్తిపన్ను మోయలేని భారంగా మారిందన్నది వారి ఆవేదన. ఆ ఆవేదనలో నిజం లేకపోలేదు. పింఛనుతో బ్రతికే వృద్ధులు ఇల్లు నిలుపుకోలేక అవస్థపడిన మాట వాస్తవం. కొత్త శాసనం ఆస్తిపన్నును ఆస్తి విలువలో ఒక శాతానికి పరిమితం చేసింది. ఆస్తి చేతులు మారేదాకా ఆ విలువను ఏటా రెండు శాతానికి మించి పెంచరాదని కట్టడి చేసింది. స్థానిక సంస్థల ఆస్తిపన్ను ఆదాయం ఒక్కసారిగా సగానికి పైగా పడిపోయింది. కళాశాలలు స్థానికుల చేయి విడిచి రాష్ట్రప్రభుత్వపు ఖజానా మీద ఆధారపడవలసి వచ్చింది. ఊరి కళాశాలను పోషించే అధికారం ఊరి చేతిలోనుంచి రాజధానికి తరలిపోయిందన్నమాట.

రాష్ట్రపు ఖజానా ఎల్లవేళలా ఒక్క తీరుగా ఉండదు. 1984లో మొట్టమొదటిసారిగా ఈ కళాశాలలలో రుసుము ప్రవేశించింది. యూనిట్‌కు 5 డాలర్లు, ఒక అర్ధ సంవత్సరానికి 50 డాలర్లకు మించకుండా. వారానికి ఒక గంట చొప్పున అర్ధ సంవత్సరం సాగే బోధనను స్థూలంగా ఒక యూనిట్ అంటారు. 1988లో ప్రజలు ఆమోదించిన మరొక ప్రతిపాదన పాఠశాలలకు, సామాజిక కళాశాలలకు రాష్ట్ర ఆదాయంలో కనీస వాటా ఉండాలని నిర్దేశించింది. అయినా రుసుము పెరుగుతూనే వచ్చింది. 2004లో యూనిట్‌కు 26 డాలర్లయింది. నడుమ 20కి తగ్గి, 2009లో మళ్ళీ 26, 2011లో 36, 2012లో 46 డాలర్లకు చేరింది. రెండేళ్ళ పట్టాకు 60 యూనిట్లు కావాలి. అంటే 46 చొప్పున మొత్తం చదువుకు 2,760 డాలర్లు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఒక్క సంవత్సరానికే 14 వేల డాలర్లకు పైబడిన రుసుముతో పోల్చితే ఇది స్వల్పం. అంతేకాదు, రుసుము పెట్టిన ఏడాదే పేద విద్యార్థులకు మినహాయింపు పథకాన్ని కూడా ఆ ప్రభుత్వం ప్రవేశపెట్టింది. విద్యార్థులలో దాదాపు సగం మంది ఆ మినహాయింపు పొందుతున్నారు.

అసలు ఇబ్బంది రుసుము కన్న మరొక చోట ఉంది. ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడు ఉద్యోగాలు పోయినవారు కొత్త విద్య నేర్చుకోవాలని కళాశాల వైపు చూస్తారు. సరిగ్గా అదే సమయంలో ప్రభుత్వ ఆదాయం తగ్గి, కళాశాలలకు ఇచ్చే నిధులలో కోత పడుతుంది. కరవు కాలంలో గంజి కేంద్రానికి బియ్యం తగ్గించినట్లు ఉంటుంది ఆ తీరు. 2008 నాటి మాంద్యం తరువాత కాలిఫోర్నియాలో జరిగినది ఇదే. తరగతులు రద్దయ్యాయి. చేరదలచిన తరగతిలో చోటు దొరకక లక్షల సంఖ్యలో విద్యార్థులు దూరమయ్యారు. తలుపు తెరిచే ఉంది, లోపల కూర్చోవడానికి బల్ల లేదు.

ఇక మనం ముందుగా ప్రస్తావించిన కళాశాల దగ్గరికి వద్దాం. దాని పేరు సిటీ కాలేజ్ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కో. 1935లో ప్రారంభమైనప్పుడు దానికి సొంత భవనం లేదు. నగరంలో అక్కడొకటి ఇక్కడొకటిగా ఉన్న భవనాలలో తరగతులు నడిచేవి. విద్యార్థులు ఒక తరగతి నుంచి మరొక తరగతికి ట్రాము బండ్లలో ప్రయాణించేవారు. అందువల్ల దానిని 'ట్రాము బండి కళాశాల' అని నగరవాసులు ముద్దుగా పిలుచుకొన్నారు. 1940లో సొంత భవనాలు సమకూరాయి. అదే సంవత్సరం ఆ నగరంలో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనలో మెక్సికో దేశపు సుప్రసిద్ధ చిత్రకారుడు డీగో రివేరా జనం చూస్తూ ఉండగా ఒక మహాకుడ్యచిత్రాన్ని రచించాడు. ఎత్తు 22 అడుగులు, వెడల్పు 74 అడుగులు. ఉత్తర దక్షిణ అమెరికా ఖండాల సంస్కృతుల సమైక్యత దాని ఇతివృత్తం. ఈ కళాశాల గ్రంథాలయంలో నెలకొల్పాలని ఉద్దేశించిన చిత్రమది. యుద్ధం వచ్చింది, అనుకొన్న గ్రంథాలయం అనుకొన్నట్లు కట్టలేదు. చిత్రం ఏళ్ళ తరబడి పెట్టెలలోనే ఉండిపోయింది. చివరకు 1961లో కళాశాల నాటకశాల ముంగిట దానిని నిలిపారు. సంపన్నుల భవనాలలో ఉండదగిన చిత్రాన్ని వంటపని నేర్చుకొనే కుర్రవాడు, రాత్రి తరగతులకు వచ్చే గృహిణి నిత్యం చూస్తూ నడిచిపోయేవారు. ప్రజాధనంతో నడిచే విద్యాలయం ఇవ్వగల సంపదలలో ఇదీ ఒకటి. ఏ లెక్కల పుస్తకంలోనూ దీనికి పద్దు ఉండదు.

ఈ కళాశాలలో ఎవరు చదువుకొంటారు? విశ్వవిద్యాలయానికి బదిలీ కాగోరే యువకులు కొందరు. నర్సింగు, అగ్నిమాపక శిక్షణ, పాకశాస్త్రం, విమానాల మరమ్మతు వంటి వృత్తులు నేర్చేవారు కొందరు. వీరితో పాటు ఏ పట్టా ఆశించక, ఇంగ్లీషు భాష నేర్చుకోవడానికి వచ్చే వలసకుటుంబాల పెద్దలు వేలమంది ఉంటారు. ఆ నగరంలోని చైనావారి పేటలో ఈ కళాశాలకు ఒక పెద్ద ప్రాంగణమే ఉంది. హోటల్లో గిన్నెలు తోమి, సాయంత్రం అక్షరాలు దిద్దుకొనే తల్లి, తన బిడ్డ పాఠశాల నుంచి తెచ్చిన ఉత్తరాన్ని తానే చదువుకోగలగడం ఎంత విలువ చేస్తుందో డాలర్లలో చెప్పగలమా? యూనిట్లతో నిమిత్తంలేని ఇటువంటి తరగతులకు రుసుము లేదు.

తెలుగువారికీ ఈ కళాశాలలతో సంబంధం ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోకు దక్షిణాన సిలికాన్ లోయలోని క్యుపర్టినోలో 1967లో ప్రారంభమైన డీ ఆంజా కళాశాల ఉంది. ఫ్రీమాంట్ పరిసరాలలో ఓలోనీ కళాశాల ఉంది. భర్త ఉద్యోగరీత్యా ఆ ప్రాంతాలకు వెళ్ళిన తెలుగు మహిళలు చాలాకాలం వరకు అక్కడ ఉద్యోగం చేసే అనుమతిలేని వీసా మీద ఉండవలసి వచ్చేది. 2015లో కొందరికి ఆ అనుమతి లభించింది. ఉద్యోగానికి వీలు లేకున్నా చదువుకోవడానికి వారికి అభ్యంతరం లేదు. ఇక్కడ ఎం.ఎస్సీ.లు, ఎం.కాం.లు చదివి వెళ్ళి, అక్కడి వంటింట్లో ఒంటరిగా కూర్చున్న వారికి ఊళ్ళోని సామాజిక కళాశాల ఇంటి గడప దాటించే తొలి అడుగు కాగలదు. వారి పిల్లలు ఉన్నత పాఠశాలలో ఉండగానే ఈ కళాశాలల తరగతులకు హాజరు కావచ్చు.

మళ్ళీ శాన్‌ఫ్రాన్సిస్కోకు వద్దాం. 2012 నాటికి అక్కడి కళాశాలలో 80 వేల మందికి పైగా విద్యార్థులున్నారు. ఆ సంవత్సరం జూలైలో కళాశాలలకు గుర్తింపునిచ్చే సంఘం ఒక తీవ్రమైన హెచ్చరిక జారీ చేసింది. పాలనలోనూ ఆర్థిక నిర్వహణలోనూ లోపాలున్నాయని, వాటిని సరిదిద్దకపోతే గుర్తింపు పోతుందని ఆ హెచ్చరిక సారాంశం. గుర్తింపు పోవడమంటే విద్యార్థుల పట్టాలకు విలువ పోవడం, ప్రభుత్వ నిధులు ఆగిపోవడం, అంటే కళాశాల మూతపడడమే. అదే ఏడాది నవంబరులో నగర ఓటర్ల ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. ఒక్కొక్క స్థలానికి ఏటా 79 డాలర్ల చొప్పున ఎనిమిదేళ్ళపాటు కళాశాల కోసం ప్రత్యేక పన్ను కట్టడానికి సమ్మతమా అన్నది ప్రశ్న. అటువంటి పన్నుకు మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. రేపు ఉంటుందో మూతపడుతుందో తెలియని విద్యాసంస్థకు సొమ్ము ఇవ్వమని అడగడం సాహసమే. నగరవాసులు ఇచ్చారు. కావలసిన ఓట్లకన్న ఎక్కువే పడ్డాయి.

2013 జూలైలో గుర్తింపు రద్దు చేస్తున్నట్లు సంఘం ప్రకటించింది. మరుసటి సంవత్సరం నుంచి అది అమలులోకి రావాలి. నగర న్యాయవాది న్యాయస్థానాన్ని ఆశ్రయించాడు. 2014 జనవరిలో న్యాయస్థానం రద్దును నిలుపుచేసింది. 2015లో వెలువడిన తీర్పు, గుర్తింపు సంఘం అనుసరించిన పద్ధతిలోనే చట్టవిరుద్ధమైన లోపాలున్నాయని నిర్ధారించింది. 2017 జనవరిలో కళాశాలకు ఏడేళ్ళపాటు గుర్తింపు మళ్ళీ లభించింది. ఈ నాలుగున్నరేళ్ళ అనిశ్చితిలో విద్యార్థుల సంఖ్య బాగా తగ్గిపోయింది. కళాశాల ఉంటుందో ఉండదో అన్న చోట బిడ్డను ఎవరు చేర్పిస్తారు? కళాశాల నిర్వహణలో లోపాలు లేవని నేననడం లేదు. లోపాలను సరిదిద్దే విధానం చదువుకొనే వారినే చెల్లాచెదురు చేసిందంటున్నాను.

2016 నవంబరులో ఓటర్లు రెండు ప్రతిపాదనలను ఆమోదించారు. ఒకటి, స్థలాల మీది పన్నును 99 డాలర్లకు పెంచి 2032 వరకు పొడిగించడం. రెండవది, 50 లక్షల డాలర్లు లేదా అంతకు మించిన విలువగల ఆస్తుల అమ్మకాలపై పన్ను పెంచడం. ఈ రెండవ పన్ను ఆదాయంలో కొంత భాగంతో నగరవాసులందరికీ ఆ కళాశాలలో ఉచిత విద్య కల్పిస్తామని నగరపాలకులు వాగ్దానం చేశారు. 2017లో ఆ పథకం అమలులోకి వచ్చింది. మూడు దశాబ్దాల తరువాత ఆ నగరంలో ఊరి కళాశాల ఊరివారికి మళ్ళీ ఉచితమైంది. రుసుము మినహాయింపు అప్పటికే ఉన్న పేద విద్యార్థులకు పుస్తకాల వంటి ఖర్చులకై కొంత సొమ్ము ఇచ్చే ఏర్పాటు కూడా దానిలో ఉంది.

ఇక్కడ ఒక వాదం ఉంది. సంపన్నుల బిడ్డలకు కూడా ఉచితంగా చదువు చెప్పడం ప్రజాధనాన్ని దుర్వినియోగం చేయడం కాదా? పేదలకు మాత్రమే ఇస్తే ఆ సొమ్ముతో మరింత మేలు చేయవచ్చు కదా? ఈ వాదాన్ని తేలికగా కొట్టివేయరాదు. దానికి ఎదురుగా చెప్పే మాట ఇది: పేదలకు మాత్రమే అన్నప్పుడు పేదరికాన్ని నిరూపించుకోవలసి వస్తుంది. ఆదాయ ధ్రువపత్రం కోసం కార్యాలయాల చుట్టూ తిరిగిన విద్యార్థికి ఆ బాధ తెలుసు. కాగితం సమకూరక ఆగిపోయిన అర్హులు ఎందరో. అందరికీ తెరిచిన గ్రంథాలయంలో పుస్తకం తీసుకొన్నంత సులువుగా కళాశాలలో చేరగలగడం ఒక విలువ. నా మట్టుకు నేను రెండవ వాదం వైపే మొగ్గుతాను, కాని చేతిలో ఉన్న సొమ్ము పరిమితమైనప్పుడు మొదటి వాదానికి బలం పెరుగుతుందని ఒప్పుకొంటాను.

ఈ కళాశాలల మీద వచ్చే విమర్శలలో అన్నిటికన్న బరువైనది మరొకటి. చేరినవారిలో చదువు పూర్తిచేసేవారు తక్కువ. విశ్వవిద్యాలయానికి బదిలీ కావాలన్న ఆశతో కాలిఫోర్నియా సామాజిక కళాశాలలలో చేరినవారిలో నాలుగేళ్ళలో ఆ ఆశ నెరవేర్చుకొన్నవారు సుమారు ఐదుగురిలో ఒక్కరేనని 2020 నాటి పరిశీలన ఒకటి తేల్చింది. మరొక వైపు, ఆ రాష్ట్రంలోని స్టేట్ విశ్వవిద్యాలయ పట్టభద్రులలో దాదాపు సగం మంది ఈ కళాశాలలలో చదివి వెళ్ళినవారే. అంతరిక్ష నౌకకు నాయకత్వం వహించిన తొలి మహిళ ఐలీన్ కాలిన్స్ కూడా న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్ సామాజిక కళాశాలలో చదువు మొదలుపెట్టిన వ్యక్తే. ఈ రెండు మాటలూ నిజమే. ఒకదానిని చూపి మరొకదానిని దాచిపెట్టడం న్యాయం కాదు.

చదువు మధ్యలో ఎందుకు ఆగిపోతుంది? నాకొక అనుభవం గుర్తుకు వస్తున్నది. చాలా ఏళ్ళ క్రితం నా తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. ప్రబంధ పద్యాన్ని ఒక్కసారి వింటే తప్పులేకుండా అప్పజెప్పేది. రెండవ సంవత్సరం దసరా సెలవుల తరువాత రాలేదు. ఫీజు కట్టలేక మానేసిందేమోనని, సహాధ్యాపకులం తలా కొంత వేసుకొని కబురు పంపాము. ఆమె తండ్రి వచ్చి నమస్కారం పెట్టి, "ఫీజు బాకీ ఏమీ లేదు సార్. బస్సు చార్జీలకే కష్టంగా ఉంది. పొద్దున్న బస్సు తప్పితే పిల్ల సాయంత్రందాకా రోడ్డుమీదే ఉంటోంది. మాకు భయం" అన్నాడు. మేము పోగుచేసిన సొమ్ము ఆ మాటకు సమాధానం కాలేదు.

న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయానికి చెందిన సామాజిక కళాశాలలు 2007లో ప్రారంభించిన ఒక పథకం గురించి చదివినప్పుడు ఆ తండ్రి నా కళ్ళముందు నిలిచాడు. ఆ పథకంలో విద్యార్థికి రుసుములో మిగిలిన లోటు భర్తీ చేయడంతో పాటు, నగర రవాణాకు ఉచిత పాసు, పాఠ్యపుస్తకాల ఖర్చు ఇస్తారు. తరచుగా కలుసుకొని యోగక్షేమాలు విచారించే సలహాదారు ఉంటాడు. విద్యార్థి పూర్తికాలం చదవాలన్నది నియమం. దీని ఫలితాన్ని పరిశోధకులు జాగ్రత్తగా పరీక్షించారు. అర్హులైన విద్యార్థులను చీటీలు తీసినట్లు రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి పథకం వర్తింపజేశారు. మూడేళ్ళలో పట్టా పొందినవారు పథకం వర్తించిన వర్గంలో 40 శాతం, వర్తించని వర్గంలో 22 శాతం. ఒక్కొక్క విద్యార్థి మీద ఖర్చు పెరిగింది, అది నిజం. కాని మొత్తం ఖర్చును పట్టాల సంఖ్యతో భాగించి చూస్తే ఒక్కొక్క పట్టాకు అయిన ఖర్చు పదిశాతం దాకా తగ్గింది. చౌకగా నడిపిన చదువు ఖరీదైనదని, ఎక్కువ ఖర్చు పెట్టిన చదువు చౌకైనదని తేలింది. పైపైన చూస్తే విడ్డూరంగా తోస్తుంది. పది రూపాయలకు బదులు ఆరు రూపాయలు పెట్టి తవ్వించిన బావిలో నీళ్ళు పడకపోతే ఆరు రూపాయలూ నష్టమే కదా!

అధ్యాపకుల విషయం కూడా చెప్పుకోవాలి. కాలిఫోర్నియాలో 1988 నాటి చట్టం యూనిట్లున్న బోధనలో 75 శాతాన్ని పూర్తికాల అధ్యాపకులే నిర్వహించడం లక్ష్యంగా పేర్కొంది. ఆ లక్ష్యానికి రాష్ట్రం చాలా దూరంలో ఉండిపోయింది. ఉదయం ఒక కళాశాలలో, మధ్యాహ్నం మరొక ఊరి కళాశాలలో పాఠం చెబుతూ, సగం రోజు కారులోనే గడిపే పార్ట్‌టైమ్ అధ్యాపకులు అక్కడ వేలమంది. పాఠం ముగిసిన తరువాత సందేహం అడగడానికి వచ్చిన విద్యార్థికి వారు దొరకరు. దొరకడానికి వారికి కూర్చొనే గది కూడా ఉండదు. మన ప్రభుత్వ జూనియర్ కళాశాలలలో ఒప్పంద అధ్యాపకులను ఎరిగిన విద్యార్థులకు దీనిని విడమరిచి చెప్పనవసరం లేదు.

2018 నుంచి కాలిఫోర్నియా తన నిధుల పంపిణీ సూత్రాన్ని మార్చింది. అంతకు ముందు ఎందరు విద్యార్థులున్నారన్నదే ప్రధానం. కొత్త సూత్రంలో సుమారు 70 శాతం విద్యార్థుల సంఖ్యను బట్టి, 20 శాతం వారిలో పేదలెందరన్న దానిని బట్టి, 10 శాతం చదువులో సాధించిన ఫలితాన్ని బట్టి నిర్ణయిస్తారు. ఫలితానికి కొంత వాటా ఉండడం మంచిదే. మరీ ఎక్కువైతే గట్టెక్కగలవారినే చేర్చుకొనే బుద్ధి పుడుతుంది. అప్పుడు అందరికీ తెరిచిన తలుపు కొందరికే తెరిచిన తలుపవుతుంది. పదిశాతంతో ఆగడంలో ఆ జాగ్రత్త ఉన్నట్లు తోస్తుంది.

శాన్‌ఫ్రాన్సిస్కో కళాశాలకు కష్టాలు తీరలేదు. తగ్గిన విద్యార్థుల సంఖ్య పూర్వపు స్థాయికి పెరగలేదు. కోవిడ్ మహమ్మారి మరొక దెబ్బ కొట్టింది. నిధుల కొరత వల్ల 2022లో పూర్తికాల అధ్యాపకులలో కొందరిని తొలగించారు. ఆ ఏడాది నవంబరులో మరొక అదనపు పన్ను ప్రతిపాదన ఓటర్ల ముందుకు వచ్చింది. పదేళ్ళ క్రితం మూతపడబోయే కళాశాలను ఆదుకొన్న నగరమే ఈసారి కాదన్నది. ఉన్న సొమ్మును ముందు సక్రమంగా నిర్వహించుకోవాలని ప్రత్యర్థులు వాదించారు. ఇప్పుడు సొమ్ము లేకపోతే చక్కదిద్దుకొనే వ్యవధి కూడా ఉండదని కళాశాల పక్షంవారు వాదించారు. మొదటివారి మాటే నెగ్గింది. రివేరా కుడ్యచిత్రాన్ని అంతకు ముందు సంవత్సరమే, 2021లో, నగరంలోని ఆధునిక కళల ప్రదర్శనశాలకు తరలించి ప్రదర్శించారు. విద్యార్థులు నిత్యం చూసిన చిత్రాన్ని చూడడానికి యాత్రికులు అక్కడికి వచ్చారు.

పాత పన్ను మాత్రం ఇంకా వసూలవుతున్నది. ఒక్కొక్క స్థలానికి 99 డాలర్లు. దాని గడువు 2032తో ముగుస్తుంది. దానిని పొడిగించాలంటే ఆ కళాశాల నగరవాసుల వద్దకు మళ్ళీ వెళ్ళవలసిందే.